హాజరుపట్టీలో పేరు

పోయిన వేసవిలో ఒంగోలు నుంచి విజయవాడ వస్తున్నాను. చిలకలూరిపేటలో నా పక్క సీటు ఖాళీ అయింది. వెనక వరసలోంచి ఒకామె లేచి వచ్చి, "మేడమ్, నేను మీ స్టూడెంట్‌ని, కూర్చోవచ్చా?" అంది. పేరు చెప్పేదాకా పోల్చుకోలేకపోయాను. చెప్పగానే అంతా గుర్తొచ్చింది. 1997, ఇంటర్ సెకండియర్, మూడో బెంచీ. ఏ వ్యాసం రాయమన్నా ఎవరితోనో పోట్లాడుతున్నట్టు రాసేది. "ఒప్పుకోను" అనే మాట ఆ అమ్మాయి పేపర్లలో ఎన్నిసార్లు వచ్చేదో! డిగ్రీలో ఉండగా ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి లా చదవాలనుంది మేడమ్ అంటే, నేను ఏమన్నానో కూడా గుర్తొచ్చింది. "లా ఎందుకమ్మా, కోర్టుల చుట్టూ తిరగ్గలవా? బి.ఇడి. చెయ్యి. ఉద్యోగానికి ఉద్యోగం, సంబంధాలకీ బాగుంటుంది" అన్నాను.

ఆమె బి.ఇడి. చేసింది. డీఎస్సీ రాసింది. ఇప్పుడు ఒక హైస్కూల్లో సోషల్ టీచర్. ఇద్దరు పిల్లలు. "అంతా మీ చలవే మేడమ్. ఆరోజు మీరు చెప్పబట్టి గానీ లేకపోతే ఎటు పోయేదాన్నో!" అంది. బస్సు దిగేటప్పుడు నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆపాను.

ఆ కృతజ్ఞత నన్ను వారం రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేదాన్ని, ఆ రోజుల్లో పరిస్థితులు అలా ఉండేవని. థాంక్స్ చెబితే ఏం చెప్పగలం? పోట్లాడే వాక్యాలు రాసే పిల్లని, ఏ చెడూ తలపెట్టకుండా, రెండు నిమిషాల్లో పక్కకి తిప్పేశాను. అది ఆమెకి మేలుగానే గుర్తుంది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పుకున్న ఉద్యోగం అన్యాయమని నేననడం లేదు. అది ఆమె ఎంచుకున్నది కాదు అంటున్నాను.

ఇంటికొచ్చాక అలవాటు కొద్దీ పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను. మన రచయిత్రులు, మన ఉద్యమాల్లో పనిచేసిన స్త్రీలు తమ టీచర్ల గురించి ఏం రాశారు? ఎంత రాశారు?

నాకు కనిపించినంతలో చాలా తక్కువ. మగవాళ్ల ఆత్మకథలు తీసి చూడండి. పంతులుగారి బెత్తం, పంతులుగారి పంచెకట్టు, ఆయన నేర్పిన పద్యం, వీపు మీద తేలిన వాత... పేజీలకి పేజీలుంటాయి. స్త్రీల ముందుమాటల్లో, ఇంటర్వ్యూల్లో చదువు ప్రస్తావన రాగానే 'నాన్నగారి ప్రోత్సాహం', 'అన్నయ్య చలవ', 'మావారి సహకారం' వస్తాయి. టీచర్ వస్తే ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. కొంత వరకూ ఇది చరిత్ర చేసిన పని. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి పోలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువుకుంది. ఆ తరానికి టీచర్ అంటే ఇంట్లో మగవాడే. కానీ బడికి వెళ్లిన తరాలు కూడా అదే ధోరణిలో ఎందుకు రాస్తున్నాయి? సెప్టెంబర్ అయిదున స్టేజీ మీద చదివే గురుపూజ భాష ఒకటి, సినిమాల్లో పంతుళ్ల మీద వేసే జోకులు ఒకటి, ఈ రెంటికీ మధ్య టీచర్ గురించి నిజం మాట్లాడే భాష మనకి తయారు కాలేదని నాకనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఆ వాక్యం లేని చోట కూడా ఆగాలి.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. చదువుకున్న ఒక అమ్మాయి పెళ్లి చేసుకుని, ఇల్లలకడంలో, ముగ్గులు పెట్టడంలో మునిగిపోయి, ఒకరోజు తన పేరేమిటో మర్చిపోతుంది. ఇరుగుపొరుగుని అడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది, భర్తని అడుగుతుంది. ఎవరికీ తెలీదు. తెలియాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు. సర్టిఫికెట్లు ఉంటాయి కదా అని పుట్టింటికి బయల్దేరుతుంది. కన్నతల్లికి కూడా ఆమె 'పెద్దమ్మాయే'. చివరికి ఒక పాత స్నేహితురాలు ఎదురై 'శారదా' అని పిలుస్తుంది. పిలవడంతో ఆగదు, స్కూల్లో పదో తరగతిలో ఫస్టు వచ్చావు, పాటల పోటీలో గెలిచావు, బొమ్మలు వేసేదానివి అని ఒక్కొక్కటీ గుర్తుచేస్తుంది.

ఈ కథని క్లాసులో ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. ఎప్పుడూ భర్త గురించే మాట్లాడేదాన్ని. ఈసారి చదువుతుంటే ఆ స్నేహితురాలి దగ్గర ఆగిపోయాను. శారద పేరు ఎక్కడ భద్రంగా ఉంది? పుట్టింట్లో లేదు, అత్తింట్లో లేదు. బడిలో ఉంది. ఆడపిల్లని ఇంట్లో 'అమ్మడూ' అంటారు, 'బుజ్జీ' అంటారు, కోపమొస్తే 'ఒసేయ్' అంటారు. తర్వాత 'ఏమోయ్', 'అమ్మా', 'వదినా', 'పిన్నీ'. ఆమె సొంత పేరుని, ఇంటిపేరుతో సహా, రోజూ ఉదయం పూట నలుగురి ముందూ గట్టిగా పిలిచి, పిలిచిన తర్వాత ఆమె పలికేదాకా ఒక్క క్షణం ఎదురుచూసే చోటు లోకంలో ఒకటే ఉంది. హాజరుపట్టీ. "ప్రెజెంట్ టీచర్" అని ఆమె అనాలి. అనకపోతే ఆమె లేనట్టు. పాఠాల్లో సగం మర్చిపోతాం. నేను చెప్పిన ఛందస్సు నా విద్యార్థినుల్లో ఒక్కరికీ గుర్తుండదని నాకు తెలుసు. కానీ పన్నెండేళ్లు, పదిహేనేళ్లు రోజూ పేరు పెట్టి పిలిపించుకుని, ఉన్నానని బదులు చెప్పడం ఒక అలవాటుగా లోపల మిగిలిపోతుంది. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగమో, వాదనో, ఒక అప్లికేషన్ మీద సంతకమో చెయ్యడానికి కావాల్సిన ధైర్యం నాకు తెలిసి అక్కడి నుంచే వస్తుంది. సత్యవతి గారు స్వయంగా విజయవాడలో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేశారు. పేరు ఎక్కడ నిలుస్తుందో ఆవిడకి తెలిసి ఉండాలి.

అయితే ఈ కథతో నాకు ఒక చిన్న పేచీ కూడా ఉంది. అందులో బడి నిర్దోషి. పాపమంతా ఇంటిది, పెళ్లిది. నేను చదివిన బడిలో ఉదయం తొమ్మిదింటికి గదులు ఊడ్చింది ఎవరు? వరండాలో నీళ్లు చల్లింది ఎవరు? ఆగస్టు పదిహేనుకి జెండా చుట్టూ ముగ్గేసింది ఎవరు? హెడ్మాస్టరు గారి కూజాలో మంచినీళ్లు పట్టింది ఎవరు? మగపిల్లలకి గంట కొట్టే పని, జెండా తాడు లాగే పని. శారద పెళ్లయ్యాక ఇల్లలకడం మొదలుపెట్టిందని కథ అంటుంది. మేం ఆరో తరగతిలోనే మొదలుపెట్టాం, అదీ టీచర్లు మెచ్చుకుంటుండగా. పేరు పిలిచిన నోరే చీపురు కూడా అందించింది.

పాఠ్యాంశాల సంగతీ అంతే. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరు వేరు చదువులు అక్కర్లేదని హంసా మెహతా కమిటీ 1962లోనే స్పష్టంగా చెప్పింది. కొఠారీ కమిషన్ ఆ మాటని బలపరిచింది. కాగితం మీద అది గొప్ప విజయమే. కానీ బడిలో దారి మళ్లించడానికి కాగితం అక్కర్లేదు. ఒక్క మాట చాలు. ఎనిమిదో తరగతిలో మా లెక్కల మేష్టారు నా పేపరు చేతికిస్తూ "బట్టీ పట్టినా బాగానే పట్టావే" అన్నారు. నేను బట్టీ పట్టలేదు, ఆ లెక్క నాకొచ్చు. అయినా నాకు రాదేమోనని ఆరోజు నుంచే అనుమానం మొదలైంది. ఇంటర్లో ఆర్ట్స్ తీసుకున్నప్పుడు సాహిత్యం మీద ప్రేమతో తీసుకున్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ప్రేమ ఉన్నమాట నిజమే. భయం ఉన్నమాట కూడా నిజమే.

అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' 1974 నాటి కథ. అక్క చదువుని తండ్రి చిన్నప్పుడే మాన్పించి పెళ్లి చేస్తాడు. చెల్లెలు చదువుకుని ఉద్యోగం చేస్తుంటుంది. చెల్లెలింటికి వచ్చిన అక్క కుండీలో కుదించి పెంచిన చెట్టుని, వీధిలో గాలివానలో మనుషులకి నీడనిచ్చిన చెట్టుని పక్కపక్కన చూస్తుంది. అందరికీ బోన్‌సాయ్ గుర్తుండిపోయింది. ఆ పోలిక అంత బలమైంది మరి. నేను మాత్రం ఈసారి ఆ కథలో లేని ఒక దృశ్యం కోసం వెతికాను. అక్క బడి మానేసిన మర్నాడు హాజరుపట్టీలో ఆమె పేరు పిలిచి ఉంటారు కదా. జవాబు రాలేదు. వారం పిలిచి ఉంటారు. తర్వాత ఎర్ర సిరాతో కొట్టేసి ఉంటారు. ఆ బడి నుంచి ఎవరైనా ఆ ఇంటికి వెళ్లి, "మీ పిల్ల బాగా చదువుతుందండీ, ఎందుకు మాన్పించారు?" అని అడిగారా? కథలో ఎవరూ రాలేదు. కథలో రాకపోవడం రచయిత్రి లోపం కాదు. నిజంగా కూడా ఎవరూ వచ్చేవారు కాదు.

మా ఇంటికి వచ్చారు. అది నా అదృష్టం. టెన్త్ అయ్యాక మా నాన్న ఇక చాలనుకుంటున్నారని తెలిసి, మా తెలుగు టీచరు ఒక ఆదివారం మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు. బెంచీ చివర, ఎవరైనా వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చోవడం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆవిడ నా మార్కుల గురించి ఎక్కువ చెప్పలేదు. "కాలేజీలో లేడీస్ హాస్టల్ ఉందండీ, వార్డెన్ నాకు తెలుసు" అన్నారు. మా నాన్నకి కావాల్సింది అదేనని ఆవిడకి తెలుసు. "ఆలోచిద్దాం లెండి" అన్నారు నాన్న. జూన్‌లో నేను కాలేజీలో ఉన్నాను.

తర్వాత నేను చేసిన ఉద్యోగం, రాసిన ఈ నాలుగు ముక్కలు, అంతా ఆ అరుగు మీద ఆ పావుగంట మీద నిలబడ్డాయి. నా మొదటి పుస్తకం ముందుమాటలో ఆవిడ గురించి ఎంత రాశానో తీసి చూసుకున్నాను. ఒక్క వాక్యం. మా నాన్న గురించి ఒక పేరా ఉంది.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొస్తుంది, ఎందుకంటే ఆమె కథ దీనికి ఎదురు దిక్కులో నడుస్తుంది. ఎనిమిదేళ్లకి పెళ్లి. ఇంగ్లీషు చదువు వద్దని చిన్న వయసులోనే బడి వదిలింది. హిందీ నేర్చుకుంది. తనకంటే పెద్దవాళ్లకి కూడా తనే నేర్పడం మొదలుపెట్టి, బాలికా హిందీ పాఠశాల పెట్టింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపిన సంగతి అందరూ చెప్పుకునేదే. చెప్పుకోవడంలో ముచ్చటే ఎక్కువ. నాకు అందులో ముచ్చట కంటే ఇంకోటి కనిపిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల రూలు రూలేనని ఎవరితోనైనా అనగలగడం. నలుగురికి పాఠం చెప్పి, నలుగురి పేర్లు పిలిచి, హాజరు వేసిన పిల్ల కాబట్టే అనగలిగిందని నేననుకుంటాను.

ఉప్పు సత్యాగ్రహంలో జైలు, జైలు తర్వాత బెనారస్ మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ స్త్రీలకి హాస్టల్ లేదు, అందుకని చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. దుర్గాబాయి పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుండీ వసతి లేక ఆగిపోయిన అమ్మాయిల్ని పోగుచేసి, హాస్టల్ ఏర్పాటు చేసుకుని మరీ చేరింది. చూడండి, మా టీచర్ మా నాన్నతో మాట్లాడింది కూడా హాస్టల్ గురించే. ఆడపిల్ల చదువు చాలాసార్లు తెలివి దగ్గర ఆగదు, మంచం వేసుకునే గది దగ్గర ఆగుతుంది. 1937లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ తొలి పని కూడా బడి తప్పిపోయిన ఆడవాళ్లని మెట్రిక్‌కి కూర్చోబెట్టడమే. తర్వాత ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైంది. ఆ బోర్డు 1958లో వయసొచ్చిన స్త్రీలకి కుదించిన కోర్సులు మొదలుపెట్టింది. రెండు మూడేళ్లలో మెట్రిక్ దాకా చదివించే ఆ కోర్సు లేకపోతే, మన అమ్మమ్మల తరంలో ఎంతమంది నర్సులూ టీచర్లూ గ్రామసేవికలూ ఇంట్లోనే ఉండిపోయేవారు! బోర్డుల చరిత్ర మనం సాధారణంగా సాహిత్య పత్రికల్లో రాయం. కానీ ఈ చరిత్ర తెలియకుండా కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' పూర్తిగా అర్థం కాదు.

ఆ పుస్తకం 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. బాల్యంలోనే పెళ్లి, బాల్యంలోనే వైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, రహస్య జీవితం, భర్త వదిలేసి వెళ్లడం, పిల్లల్ని పోగొట్టుకోవడం... ఆ పుస్తకం మీద వచ్చిన మాటలన్నీ ఈ దుఃఖం చుట్టూ, కొండపల్లి సీతారామయ్య చుట్టూ తిరిగాయి. 'త్యాగమూర్తి' అన్న మాట లేని సమీక్ష అరుదు. నాకా మాట మీద కొంచెం చిరాకు. ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్నది త్యాగం కాదు. నడివయసులో, ఇద్దరు బిడ్డల తల్లిగా, మనిషిగా నిలబడ్డానికి ఆధారం ఏమీ లేనప్పుడు, హైదరాబాద్ వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదవడం. వేదికల మీద పాటలు పాడిన గొంతు మళ్లీ హాజరుపట్టీలో తన పేరుకి పలికింది. ఆ మెట్రిక్‌తో ఆవిడకి కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం వచ్చింది. ఎవరి చేతి కిందా లేని అన్నం వచ్చింది.

కాకినాడే. ముప్పై, నలభై ఏళ్ల కిందట దుర్గాబాయి గేటు దగ్గర నిలబడ్డ ఊరు. ఒకరు పెట్టిన సంస్థలో చదువుకున్న ఇంకొకరు అదే ఊరికి వచ్చి, ఇంజనీరింగ్ డిప్లొమా చదివే అమ్మాయిలకి అన్నం సంగతీ జ్వరం సంగతీ చూశారు. ఒకరు కాంగ్రెస్, ఒకరు కమ్యూనిస్టు. రాజకీయ చరిత్రలో ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో కనబడవు. స్త్రీల చదువు చరిత్ర రాస్తే పక్కపక్కనే ఉంటాయి. మేట్రన్ని ఎవరూ టీచర్ అనరు. కానీ ఇంటి నుంచి మొదటిసారి బయటికొచ్చి, మగపిల్లల చదువనుకునే చదువు చదువుతున్న పదహారేళ్ల పిల్లకి, ఏ సబ్జెక్టు లెక్చరర్ కంటే ఆవిడ ఎక్కువ నేర్పి ఉండొచ్చు. భర్త వదిలేసినా, పార్టీ చీలిపోయినా, ఒంటరిగా జీతం తెచ్చుకుని బతుకుతున్న స్త్రీ ఎదురుగా రోజూ తిరుగుతుండటం చిన్న పాఠమా?

ఇంతవరకు రాసి, ఇక్కడ ఆపేస్తే బాగుండునని నాకూ అనిపించింది. టీచర్ తలుపు తట్టింది, హాస్టల్ ఉంది, పిల్ల చదువుకుంది అని. కానీ ఎవరి తలుపు?

గోగు శ్యామల గారి కథల్లో ఒకటి ఉంది. దళిత కుటుంబంలోని ఆడపిల్లని జోగినిని చెయ్యాలని ఊరి పెద్దలు పట్టుబడతారు. తండ్రి ఒప్పుకోడు. కూతుర్ని ఊరు దాటించి హాస్టల్లో, బడిలో వేస్తాడు. ఆ తండ్రి దానికి దెబ్బలు తిన్నాడు, భూమి పోగొట్టుకున్నాడు. ఇది చదివిన తర్వాత మా నాన్న "ఆలోచిద్దాం లెండి" అన్న మాట నాకు ఎంత తేలిగ్గా వినపడిందో! మా నాన్న నన్ను చదివించినందుకు ఏమీ పోగొట్టుకోలేదు. కాఫీ చల్లారింది, అంతే. శ్యామల గారి కథలో హాస్టల్ పై చదువుకి వసతి కాదు, శరీరం కాపాడుకునే చోటు. మనం 'ప్రాథమిక విద్య ప్రభావం' అని ఒకే మాటతో ఈ రెంటినీ ఎలా చెప్పగలం? సాంఘిక సంక్షేమ హాస్టళ్ల పురుగుల అన్నం గురించి, కప్పు కారే గదుల గురించి దళిత స్త్రీలు రాసినప్పుడు, అది ఫిర్యాదుగా మాత్రమే చదివాం మనం. ఆ అన్నం తింటూ ఆ గదిలోంచే వాళ్లు కలం పట్టుకున్నారన్న సంగతి పక్కన పెట్టేశాం.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఇన్నాళ్లూ రాయలేదు.

నా టెన్త్ క్లాసులో ఊరి బయట పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. తెలుగులో ఆమెకీ నాకూ పోటీ. ఒక యూనిట్ పరీక్షలో నేను ఫస్టు, తర్వాతదానిలో ఆమె. పద్యం అప్పజెప్పడంలో మాత్రం నేను ఎప్పుడూ ఆమె తర్వాతే. సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె రాలేదు. మా టీచర్ నాలుగు రోజులు పేరు పిలిచారు. నాలుగో రోజు "ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. మిరపకాయల కోతకి పోతోందని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. "అలాగా" అని తర్వాతి పేరు పిలిచారు. తర్వాతి పేరు నాదే. "ప్రెజెంట్ టీచర్" అన్నాను.

మా అరుగు మీదకి వచ్చిన ఆ టీచరే. ఆవిడ చెడ్డది కాదు. పల్లెకి వెళ్లాలని ఆవిడకి తోచలేదు, అంతే. ఊళ్లో ఏ టీచరుకీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆ అమ్మాయి ఉండేది మా చేలగట్టు అవతలే. ఆవిడ మా నాన్నతో చెప్పిన మాట, లేడీస్ హాస్టల్ ఉందండీ, వార్డెన్ తెలుసు అన్న ఆ మాట, నాలుగు ఫర్లాంగులు నడిచి వెళ్లి ఇంకొక తండ్రితో చెప్పి ఉంటే? ఆ తండ్రి పోగొట్టుకోవాల్సింది మా నాన్న కంటే చాలా ఎక్కువ. ఆ రోజు కూలి, ఆ సీజన్ అప్పు, ఆసామి మాట. కాబట్టి ఒక్క పావుగంట సరిపోయేది కాదేమో. నాలుగుసార్లు వెళ్లాల్సి వచ్చేదేమో. ఎవరూ ఒక్కసారి కూడా వెళ్లలేదు.

నా కెరీర్ అని నేను చెప్పుకునే దాంట్లో ఆ 'అలాగా' కూడా ఉంది. ఆ సంవత్సరం తెలుగు ఫస్ట్ ప్రైజు నాకొచ్చింది. పోటీ లేదు కదా. ఆ ప్రైజు చూపించే టీచర్ మా నాన్నతో మాట్లాడారు.

తర్వాత తర్వాత పరిస్థితి కొంత మారింది, మారలేదనను. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. బడి మానేసిన ఆడపిల్లల్ని వెతికి తీసుకురావడం వాటి పనుల్లో ఒకటి. తెలంగాణలో 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాల కింద అమ్మాయిలకి డిగ్రీ కాలేజీలు కూడా వచ్చాయి. తలుపు తట్టడం ఒక టీచర్ మంచితనం మీద ఆధారపడకుండా ఒక పథకంలో భాగం కావడం ఎంత పెద్ద సంగతో నా తరానికే తెలుస్తుంది. కాంట్రాక్టు మీద, చాలీచాలని జీతంతో ఆ పని చేస్తున్నది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల గురించి కథలు రావాల్సి ఉంది.

ఈ వ్యాసం సగం రాశాక బస్సులో కలిసిన నా విద్యార్థినికి ఫోన్ చేశాను. నంబర్ ఆమే ఇచ్చింది. నేను ఆరోజు అన్న మాట గురించి రాస్తున్నానని, అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నానని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మీరొక్కరే అన్లేదు మేడమ్" అంది. "ఆరో క్లాసులో మా టీచరూ అదే అన్నారు, పెద్దయ్యాక టీచర్‌వి అవుతావే అని. అప్పుడు సంతోషపడ్డాను. మీరన్నప్పుడు పడలేదు."

"మరి బస్సులో థాంక్స్ చెప్పావుగా?"

"మీరు పెద్దవాళ్లు కదా మేడమ్, అలా అనాలి కదా" అని నవ్వింది. తర్వాత తన తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల గురించి చెప్పింది. ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని అడిగి ప్రాణం తీస్తుందట. పది రోజులుగా బడికి రావడం లేదట. ఇల్లెక్కడో తెలుసా అన్నాను. కాలవ అవతల అంది, స్కూటీ పోదు, కొంత దూరం నడవాలి. శనివారం ఒంటిపూట బడి, ఆరోజు చూస్తానంది. లోపల గంట వినపడింది. క్లాసుందని ఫోన్ పెట్టేసింది.